చిట్టి ఆ మాట అనలేదు

షేర్ ఆటో నిండకుండా కదిలినప్పుడే నాకు అనుమానం వచ్చింది. వచ్చినా నోరు విప్పలేదు. నేను మాట్లాడే పిల్లని కాదు.

కృష్ణదేవిపేటలో మా నేస్తం వాళ్ళ నాయనమ్మ బాలాంబగారి ఇల్లుంది. శనివారం ఒంటిపూట బడి అయ్యాక ఇద్దరం వెళ్ళి, ఆవిడ పెట్టిన పులిహోర తిని, నర్సీపట్నం తిరిగి వెళ్దామని రోడ్డు మీదికి వచ్చాం. ఆ రోడ్డు మీద ఆటోల సంగతి అందరికీ తెలుసు. వెనక సీటు నిండాలి, ఎదురుగా వేసిన చెక్క నిండాలి, డ్రైవరుకి అటూ ఇటూ మనుషులు వేలాడాలి. "ఒక్కరండీ, ఇంకొక్కరంతే" అంటూ ఎండలో మనల్ని ఉడకబెట్టాకగానీ బండి కదలదు. ఆ రోజు మాత్రం మేమిద్దరం ఎక్కి కూర్చోగానే ఆటో బయల్దేరింది. డ్రైవరు తలకీ మొహానికీ కలిపి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు.

"ఇంకెవర్నీ ఎక్కించుకోరా?" అని నేస్తం అడిగింది.

"మీ కోసరమే ఒచ్చిందండి బండి" అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

నేస్తం నవ్వింది. నేను కాళ్ళ దగ్గరున్న సంచీని ఒళ్ళోకి లాక్కున్నాను.

నేస్తం అంటే సంహిత. పేరు ఇలా రాయగలనుగానీ నోటితో అనను. మా వైపు ఇద్దరు నేస్తం కట్టుకుంటే ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోకూడదు. వాళ్ళ నాన్న నారాయణమూర్తిగారు మా బడిలో లెక్కల మాస్టారు. మాది నక్కపల్లి అవతల సముద్రం ఒడ్డున చిన్న ఊరు. నాన్న వేటకి వెళ్తాడు. ఊళ్ళో బడి ఏడుతో ఆగిపోతే, నర్సీపట్నం మార్కెట్లో చేపలమ్మే మా మేనత్త జోగులమ్మ దగ్గర ఉండి చదువుకుంటున్నాను. నా పేరు అప్పయ్యమ్మ. క్లాసులో హాజరు పిలిచినప్పుడల్లా ఎవరో ఒకరు నవ్వుతారు. నేస్తం నవ్వలేదు. తొమ్మిదో తరగతిలో ఆమే వచ్చి నా పక్కన కూర్చుంది. మా వాళ్ళలో నేస్తం కట్టుకునే అలవాటుందని తెలిసి, కట్టుకుందామని పట్టుబట్టిందీ ఆమే. మా అత్త ఇద్దరి చేతులకీ పసుపు రాసింది. ఒకే బెల్లం ముక్కని ఇద్దరి చేతా కొరికించింది.

"సూడండర్రా గుంటల్లారా" అంది అత్త. "ఇకమీదట ఏదొచ్చినా సగం సగం. మంచైనా, సెడ్డైనా. ఒకర్తి పెద్దా ఒకర్తి సిన్నా అని ఉండదు. తెలిసిందా?"

తెలిసిందన్నాం. ఆ రోజు నుంచి నేస్తం పల్లీల పొట్లం కొన్నా సగం నా చేతిలో పోసేది.

ఇద్దరం రోజూ కలిసి బడికి నడుస్తాం. దారంతా ఆమె కథ చెబుతుంది. ఆ కథలన్నీ ఒకలాగే మొదలవుతాయి. నర్సీపట్నంలో ఒక అమ్మాయి ఉంటుంది. ఎక్కడో ఒక తలుపు తెరుచుకుంటుంది. ఒకసారి పాడుబడ్డ బావిలో, ఒకసారి లైబ్రరీ బీరువా వెనక. అటువైపు ఇంకో లోకం. ఆ లోకం వాళ్ళంతా ఈ అమ్మాయి కోసమే ఎదురుచూస్తూ ఉంటారు. వెళ్ళగానే రాణిని చేస్తారు. రాణికి చిట్టి అనే చెలికత్తె ఉంటుంది. చిట్టి సంచీ మోస్తుంది, గుర్రానికి నీళ్ళు పెడుతుంది, రాణికి తగలాల్సిన బాణానికి అడ్డంపడుతుంది. 'పర్లేదు రాణీ, మీరు బాగుంటే చాలు' అంటూ చచ్చిపోతుంది. మర్నాడు కొత్త కథలో మళ్ళీ బతికొచ్చి సంచీ అందుకుంటుంది.

నేను ఊ కొడతాను. కథకి ఊ కొట్టే మనిషి ఉండాలి, ఊ ఆగితే కథ ఆగిపోతుంది. "నీలా ఊ కొట్టేవాళ్ళు ఎవరూ లేరే" అని నేస్తం అంటే పొగడ్త అనుకునేదాన్ని. ఒక్కసారి మాత్రం, చిట్టికి అమ్మా నాన్నా లేరా అని అడిగాను. నేస్తం కాసేపు ఆలోచించింది. "ఆ సంగతి కథకి అక్కర్లేదు కదా" అంది. ఊ అన్నాను.

ఆటో జీడిమామిడి తోటలు దాటింది. గాలి చల్లబడింది. దారిలో ఎదురుగా ఒక్క బస్సు రాలేదు, ఒక్క ఎడ్లబండి రాలేదు. "ఇది మన రోడ్డేనా?" అని గుసగుసగా అడిగాను. నేస్తం అప్పటికే తల బయటపెట్టి చూస్తోంది. ఆమె కళ్ళల్లో భయం లేదు.

దిగింది నర్సీపట్నం బస్సుల కాంప్లెక్సు దగ్గరే. కానీ లోపల ఒక్క బస్సూ లేదు. ప్లాట్‌ఫారాల మీద ఊళ్ళ పేర్లున్న చోట సున్నం కొట్టేశారు. గేటు ముందు మేడంత ఎత్తు కటౌటు నిలబెట్టారు. అందులో ఉన్నది మా నేస్తం. అదే ముక్కు, అదే రెండు జడలు, చేతిలో కత్తి, మెడలో నిజమైన బంతిపూల దండ. ఆమె మోకాలి దగ్గర ఇంకో చిన్న బొమ్మ ఉంది. దానికి లంగా వోణీ వేశారు, చేతిలో సంచీ పెట్టారు. మొహం మాత్రం గీయలేదు. అట్ట తెల్లగా వదిలేశారు.

"నీ మొహం వెయ్యడం మర్చిపోయారే" అంది నేస్తం.

మర్చిపోలేదని నాకనిపించింది. ఎవరో ఒకరు వస్తారని వాళ్ళకి తెలుసు. ఎవరన్నది వాళ్ళకి పట్టలేదు.

జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళ ముందు నుంచి తెల్ల చొక్కా మనిషి ఒకాయన చేతులు నలుపుకుంటూ వచ్చాడు. ఆ ఊరి పెద్ద, పేరు మన్మథరావు.

"రండమ్మగోరూ, రండి! ఎన్నాళ్ళ నుంచి కాసుక్కూసున్నాం మీ కోసరం. ఒరే, అమ్మగోరికి కుర్సీ ఎయ్యండ్రా! తోడమ్మ కూడా ఒచ్చీసిందా, మంచిది మంచిది."

"ఏంటండీ ఇదంతా? షూటింగా?" అంది నేస్తం.

"సూటింగేటండి, మీరు మమ్మల్ని కాపాడ్డానికొచ్చినోరు" అని చేతులు జోడించాడు. తర్వాత సంగతి చెప్పాడు. మన్యం కొండల మీంచి వాళ్ళ ఊరి మీదికి మంచు దిగుతుందట. అది దిగిన వీధిలో మనుషులుంటారు, పేరడిగితే చెప్పలేరు. దానికి ఎవరైనా కథ చెబితే ఆగి వింటుంది. విన్నంతకాలం ముందుకి రాదు.

"మాకు కతలు రావండి. మీ లోకమోళ్ళకే ఒస్తాయి. మీరు కత సెప్తారు, తోడమ్మ ఊ కొడతాది. అంతే పని. అయిపోగానే మా బాలన్న మిమ్మల్ని ఆటోలో దింపీస్తాడు."

బాలన్నంటే ఆ తువ్వాలు మనిషి. అతను ఆటోలోంచి దిగనేలేదు.

"అంతేనా?" అంది నేస్తం. ఆమె మొహం వెలిగిపోతోంది. పుట్టినప్పటి నుంచీ ఆమె ఈ కబురు కోసమే కాచుకుని ఉందని నాకు తెలుసు.

అంతే అని ఎవరైనా తేలిగ్గా అన్నారంటే మా అత్త బుట్ట మీద గుడ్డ ఎత్తి అడుగున ఉన్న చేపని తీస్తుంది. మొప్ప తెరిచి రంగు చూస్తుంది. పైనున్న చేపలు ఎప్పుడూ బాగానే ఉంటాయంటుంది. నేను ఆ ఊరి మొప్ప ఎక్కడుందా అని వెతకడం మొదలుపెట్టాను.

భోజనాలకి కూర్చోబెట్టారు. నేస్తానికి బల్ల మీద వెండి కంచం. నాకు ఆమె కుర్చీ వెనక పీట. పీట మధ్యలో అరిగి గుంట పడి ఉంది. చాలామంది చాలాసార్లు కూర్చుంటేగానీ చెక్క అలా అరగదు. నేస్తానికి సున్నుండలు వడ్డించారు. ఆమె ఒకటి తింది. రెండోది తింది. సగం విరిచి వెనక్కి చెయ్యి చాపుతుందని నేను చూస్తూనే ఉన్నాను. చాపలేదు. మన్మథరావు చెప్పే మాటలు వింటూ మర్చిపోయిందేమో. మర్చిపోవడం ఎప్పటి నుంచి మొదలైంది?

నాలో నేను చాలా తంటాలు పడి, గొంతు సవరించుకుని అడిగాను. "ఇంతకుముందు ఒచ్చినోళ్ళు ఏటయ్యారండి?"

మన్మథరావు నా వైపు చూడ్డం అదే మొదటిసారి. "ఇంతకుముందొచ్చిన అమ్మగోర్లందరూ సుబ్బరంగా ఇళ్ళకి ఎల్లిపోయారమ్మా."

"మరి తోడులో?"

"ఆళ్ళకేటమ్మా, ఆళ్ళూ సుకంగానే ఉన్నారు."

వెళ్ళిపోయారు అనలేదు. ఉన్నారు అన్నాడు. అనేసి కొండల వైపు ఒకసారి చూసి, చూపు తిప్పేసుకున్నాడు.

తర్వాత నేస్తాన్ని గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు. ఏవో రహస్యాలు చెప్పాలట, తోడుకి అక్కర్లేనివట. నేను వసారాలో నిలబడ్డాను. లోపల ఆయన గొంతే వినిపించింది, మాటలు తెలియలేదు. నేస్తం గొంతు అసలు వినిపించలేదు. ఎప్పుడూ ఆగకుండా మాట్లాడే పిల్ల లోపల అంతసేపు మౌనంగా ఉందంటే ఏం విని ఉంటుంది? బయటికి వచ్చాక ఆమె నా మొహం చూడలేదు. నా జడ సరిచేసింది. ఎన్నడూ లేనిది, సంచీ తనే పట్టుకుంటానంది. ఆ మర్యాద చూశాక నా అనుమానం గట్టిపడింది.

వాళ్ళు ఆమెకి పట్టు ఓణీ వేస్తుంటే నేను నెమ్మదిగా ఆటో దగ్గరికి వెళ్ళాను.

"బాబూ, నిజం సెప్పు. తోడులు ఏటవుతారు?"

బాలన్న తువ్వాలు ఇంకాస్త బిగించుకున్నాడు. "మంచు కత ఇంటాదా, ఇన్నాక ఒకర్ని అట్టీపెట్టుకుంటాది" అన్నాడు చివరికి. "కత సెప్పినోళ్ళని ఒగ్గీస్తాది. ఊ కొట్టినోళ్ళని ఉంచీసుకుంటాది. ఆళ్ళు లోపల కూకుని ఊ కొడతానే ఉంటారు. ఆ ఊ ఇనిపించినంతకాలం మంచు కదల్దు. గొంతు అరిగిపోయి తగ్గినప్పుడల్లా నన్ను తోల్తారు, కొత్తోళ్ళని తెమ్మని."

"ఆళ్ళు లోపల ఉంటానని ఒప్పుకున్నారేటి?"

"కతలోనే ఒప్పిస్తారు తల్లీ. 'తోడు అక్కడే ఉండిపోయింది' అని అమ్మగోరు కతలో సెప్తారు. తోడు అలవాటుగా ఊ అంటాది. అంతే."

నా చేతులు ఆటో రాడ్డుని పట్టుకున్నాయి.

"నువ్వొక్కదానివీ ఎల్తానంటే ఇప్పుడే దింపీస్తాను" అన్నాడు. "ఇప్పటిదాకా ఏ తోడూ నన్నడగలేదు."

"నానెల్లిపోతే నేస్తం?"

"కత సెప్పక తప్పదు కదా ఆవిడికి. ఊ కొట్టీవోళ్ళు లేపోతే ఆవిడే ఉండిపోద్ది."

ఎక్కి కూర్చుంటే ఇంటికి. అత్త అప్పటికి మార్కెట్ నుంచి వచ్చి బుట్ట కడుగుతూ ఉంటుంది. ఆదివారం నాన్న వస్తానన్నాడు. ఎక్కకపోతే ఆ మంచులో, నాకే వినపడని గొంతుతో, ఎవరివో కథలకి ఊ కొడుతూ కూర్చోవడం. నేస్తానికి ఈ సంగతంతా తెలుసు. ఇందాక గదిలో చెప్పేశాడు. తెలిసి కూడా నా జడ సరిచేసింది. అలాంటి మనిషి కోసం నేనెందుకు ఉండాలి? మళ్ళీ వెంటనే, బాలన్న చెప్పేది మాత్రం నిజమని ఏమిటి? మొహం చూపించని మనిషి మాట.

"నానుంటానని అన్లేదు" అన్నాను బాలన్నతో. "ఎల్తాననీ అన్లేదు. బండి మాత్రం మంచు దగ్గరికి తీసుకొచ్చి ఉంచు."

అతను తల ఊపాడు.

మంచు ఊరి శివార్లలో బలిఘట్టం దగ్గర ఆగి ఉంది. మా బలిఘట్టంలో వరాహనది ఉత్తరానికి తిరిగి పారుతుంది. ఇక్కడ అదే నది దక్షిణానికి పోతోంది. నది అవతల ఏమీ కనిపించడం లేదు, అంతా తెల్లగా ఉంది, కటౌటులో నా మొహంలాగా. పొద్దు వాలుతోంది. ఊరి జనం దూరంగా నిలబడ్డారు. ఒడ్డున రెండు రాళ్ళు వేశారు, ఎత్తుది నేస్తానికి, పొట్టిది నాకు. పొట్టి రాయి పక్కన ఇసకలో చెప్పులున్నాయి. నీలం స్ట్రాపుల హవాయి చెప్పులు, తోలు చెప్పులు, ఎప్పటివో తెలియని పాత రకం చెప్పులు. అన్నీ విప్పినవాళ్ళు జతలుగా సర్ది పెట్టినవే. మళ్ళీ వచ్చి తొడుక్కుందామనే ఎవరైనా అలా సర్దుతారు.

మంచులోంచి వినిపించింది.

ఊ.

కాసేపాగి ఇంకో గొంతు, సన్నగా. ఊ. మరొకటి, ముసలిది. ఊ.

"గాలమ్మా, గాలి" అన్నాడు మన్మథరావు వెనక నుంచి. "బేగి మొదలెట్టండమ్మగోరూ, తోడు ఉండిపోయీ ముక్క మరవకండేం! ఏటొడ్డుకి ఒచ్చీసిందది."

నేను చెప్పులు విప్పలేదు.

నేస్తం కథ మొదలుపెట్టింది. "నర్సీపట్నంలో ఒక అమ్మాయి ఉంది." ఊ అన్నాను. నా గొంతుతోపాటు మంచులోని గొంతులు కూడా అన్నాయి. మంచు మా కాళ్ళ దాకా వచ్చి, కుక్కపిల్లలా ఆగి వినసాగింది. అమ్మాయికి ఆటో దొరికింది. ఊ. ఇంకో లోకం వచ్చింది. ఊ. రాణి అయింది. పక్కన చిట్టి ఉంది. ఊ. నేస్తం బాగా చెబుతోంది. ఎప్పుడూ అంత బాగా చెప్పలేదు. ఒక్కటే తేడా. కథ చెప్పేటప్పుడు ఆమె నా కళ్ళలోకి చూస్తుంది. ఇప్పుడు ఓణీ అంచు వేలికి చుట్టి విప్పుతూ దాన్నే చూస్తోంది.

ఒక్కసారి తల ఎత్తుతుందేమో, ఎత్తితే చాలనుకుంటూ ఊ కొడుతున్నాను. ఒక్క సైగ చేసినా చాలు. చేయలేదు.

"యుద్ధం అయిపోయింది" అంది నేస్తం. "రాణి ఇంటికి వెళ్ళే వేళయింది. అప్పుడు చిట్టి నవ్వుతూ, 'పర్లేదు రాణీ, మీరు వెళ్ళండి, నేను ఇక్కడే ఉండిపోతాను' అంది."

ఆగింది.

మంచు ఆగింది. దూరంగా జనం ఊపిరి బిగపట్టారు. మంచులోని గొంతులన్నీ ఆగి, నా ఊ కోసం చూస్తున్నాయి. నా నాలుక చివర అలవాటు కొద్దీ అది వచ్చేసి ఉంది. పెదవులు మూసుకున్నాను.

"ఊ అనమ్మా" అన్నాడు మన్మథరావు.

"చిట్టి ఆ మాట అనలేదు" అన్నాను.

నేస్తం తల ఎత్తింది. "ఏంటే?"

"నువ్వు అన్నావు. చిట్టి అన్లేదు. నాను పక్కనే ఉన్నాను కదా, నాకు ఇనిపించలేదు."

"నేస్తం, అది..." ఆమె ఓణీ అంచు వదిలేసింది.

"ఇక్కణ్ణించి నాను సెప్తాను. నువ్వు ఊ కొట్టు."

మన్మథరావు పరుగెత్తుకొచ్చాడు. "ఓలమ్మోలమ్మ! తోడు కత సెప్పకూడదు! ఎవర్ని ఉంచుకోవాలో ఎవర్ని ఒగ్గీయాలో దానికి తెలాలి కదా! అమ్మగోరూ, మీరు ఊ కొట్టకండి! కొట్టేరంటే మిమ్మల్నీ ఉంచీసుకుంటాది!"

"సగం నువ్వు సెప్పావు, నాను ఊ కొట్టాను" అన్నాను నేస్తంతో. నేను అంత గట్టిగా మాట్లాడగలనని నాకే తెలియదు. "సగం నాను సెప్తాను, నువ్వు ఊ కొట్టు. మనం బెల్లం తిన్నది అలాగే. అప్పుడది ఎవర్ని పట్టుకుంటాదో సూద్దాం. లేదా, నువ్వు ఎల్లిపోదామనుకుంటే అదిగో ఆటో."

నేస్తం ఆటో వైపు చూసింది. నేనది చూశాను. మంచు మళ్ళీ కదిలి నా మడమల మీదికి ఎక్కింది, చాలా చల్లగా. నా పేరేమిటో గుర్తు చేసుకోవడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

"చిట్టి సంచీ కింద పడీసింది" అని మొదలుపెట్టాను.

ఎవరూ ఊ అనలేదు. నేస్తం నోరు తెరిచే ఉంది. ఎంతసేపో నేను చెప్పలేను. అత్త పేరు గుర్తు చేసుకోబోతే దొరకలేదు.

"ఊ" అంది నేస్తం.

చిన్నగా, ఏడుపుతో కలిపి అంది. ఆమెకి ఊ కొట్టడం చేతకాదు, ఎన్నడూ కొట్టలేదు కదా. కానీ అంది. మంచు నా మడమలు వదిలి ఆమె వైపు పోయింది. మళ్ళీ నా వైపు వచ్చింది. ఏ రాయి దగ్గర ఆగాలో తెలియని దానిలా మా ఇద్దరి మధ్యా తిరుగుతోంది.

"చిట్టికి అమ్మా నాన్నా ఉన్నారు" అన్నాను.

"ఊ."

"ఆదివారం నాన్న ఒస్తానన్నాడు. అందుకని ఎల్లాల."

"ఊ."

"ఎల్లీ ముందు, లోపల ఇంకా చాలామంది చిట్టీలు ఉన్నారని తెలిసి గట్టిగా కేకేసింది. ఒలే, మీ పేర్లేటి? ఏ ఊరు మీది?"

మంచులో ఊ ఆగిపోయింది. తర్వాత ఒక ముసలి గొంతు, తలుపు బిగుసుకుపోయిన ఇంట్లోంచి వచ్చినట్టు వచ్చింది. "సిం... సింహాద్రమ్మ. రోలుగుంట."

ఇంకో గొంతు ఇంకో పేరు చెప్పింది. మరొకటి మొదలుపెట్టి ఆగిపోతే, సింహాద్రమ్మే "సెప్పీయే, పర్లేదు" అంది. ఒక్కొక్కరే నీళ్ళలోంచి నడుచుకుంటూ వచ్చారు. సింహాద్రమ్మ తల పూర్తిగా నెరిసింది. ఆమె వెనక ఒకామె, నడి వయసు, లంగా వోణీలోనే ఉంది. ఇంకో పిల్ల మాకంటే ఏడాది పెద్దదేమో. వాళ్ళు వచ్చి ఇసకలో చెప్పులు వెతుక్కున్నారు. చిన్నవైపోయిన చెప్పుల్లో ఎవరి కాళ్ళూ పట్టలేదు. చేత్తో పట్టుకున్నారు.

మంచు మమ్మల్ని దాటి ఊరి వైపు కదిలింది. జనం కేకలు వేశారు.

"సంపీసేవు కదే!" అన్నాడు మన్మథరావు. "ఇప్పుడు మా ఊరేటవ్వాలి?"

"మీలో ఎవరైనా ఎప్పుడైనా ఊ కొట్టి చూసేరా?" అని అడిగాను.

జనంలో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మంచు మొదటి ఇంటి అరుగు మీదికి పాకింది. అక్కడ నిలబడ్డ టీ కొట్టు ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని, "మా అమ్మ సిన్నప్పుడు నాకో కత సెప్పేదర్రా" అంది వణుకుతూ. చివరికి ఆమె పక్కింటివాడు "ఊ" అన్నాడు. మంచు అరుగు మీదే ఆగింది.

తర్వాత వాళ్ళేం చేసుకున్నారో మాకు తెలియదు. ఇకపై కథ చెప్పినవాడు మర్నాడు ఊ కొట్టాలని సింహాద్రమ్మ వాళ్ళకి గట్టిగా చెప్పింది. మన్మథరావు తల ఊపాడు. ఆ తల ఊపడాన్ని నేను నమ్మలేదు.

ఆటో నిండిపోయింది. వెనక సీటు నిండింది, చెక్క నిండింది, డ్రైవరుకి అటూ ఇటూ ఎక్కారు. నేస్తానికి చోటు లేక నా ఒళ్ళో కూర్చుంది. పట్టు ఓణీ అక్కడే విప్పి పడేసింది. చాలాసేపు ఆమె వీపు మాత్రమే నాకు కనిపించింది.

"నాకు మధ్యాహ్నమే చెప్పాడు" అంది, ముందుకి చూస్తూనే.

"తెలుసు."

"నీకెలా తెలుసు?"

"జడ సరిసేసేవు కదా."

ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందో ఏమో.

"ఆయన అడిగినప్పుడు ఊ అన్నావా?" అని అడిగాను.

"అనలేదు" అంది. కొంచెం ఆగి, "కాదనీ అనలేదు" అంది.

ఆ రెండో మాట చెప్పకపోతే మొదటిది కూడా నేను నమ్మేదాన్ని కాదు. నమ్మానో లేదో ఇప్పటికీ చెప్పలేను. ఆమె సంచీలోంచి చెయ్యి తీసింది. గుప్పిట్లో సున్నుండ, నలిగి పొడైపోయి ఉంది. సగం నా అరచేతిలో పోసింది. మధ్యాహ్నం ఎప్పుడు దాచిందో నేను చూడలేదు. గదిలోకి వెళ్ళకముందా, వెళ్ళొచ్చాకా? అడగాలనుకుని, ముందు తినేశాను.

"నీ పేరేటే గుంటా?" అంది ఎదురుగా కూర్చున్న సింహాద్రమ్మ.

"అప్పయ్యమ్మ."

ఎవరూ నవ్వలేదు.

"ఎల్దుమా?" అన్నాడు బాలన్న. అలవాటు కొద్దీ అద్దంలో నేస్తం వైపు చూశాడు. నేస్తం మెడ తిప్పి నా వైపు చూసింది. ఆటోలో ఉన్నవాళ్ళంతా అలాగే చూశారు. అంతమంది నన్ను చూస్తే మామూలుగా నాకు చెమటలు పోస్తాయి. అప్పుడూ పోశాయి.

"ముందు ఆ తువ్వాలు తియ్యి బాబూ" అన్నాను. "ఇటు తిరుగు."

అతను తీశాడు. తిరిగాడు. మామూలు మొహమే, మాసిన గడ్డం, ఎర్రబడ్డ కళ్ళు. నా చూపుకి తట్టుకోలేక దించేసుకున్నాడు. నేను ఇంకాసేపు చూసి, అప్పుడు ఊ అన్నాను.